మైలుతుత్తంతో ముగ్గు, ఒక్క ట్రాన్సిస్టరుతో మోత: ఇంట్లో గిటార్ పెడల్ తయారీ

గిటార్‌కూ ఆంప్లిఫయర్‌కూ మధ్య పెట్టి, కాలితో నొక్కి నాదాన్ని మార్చుకునే చిన్న డబ్బానే పెడల్ అంటారు. నేను చేసిన మొదటి పెడల్ బల్ల మీద ఉన్నంతసేపూ చక్కగా పలికింది. రంగు వేసిన డబ్బాలో బిగించగానే గిటార్ కన్నా గట్టిగా రొద పెట్టడం మొదలుపెట్టింది. రెండు సాయంత్రాలు సర్క్యూట్‌నంతా వెతికాక తేలింది, తప్పు అందులో లేదు, రంగులో ఉందని. స్ప్రే చేసినప్పుడు రంధ్రాల గుండా లోపలికి కూడా చేరిన పలుచని రంగు పొర జాక్‌కూ డబ్బా లోహానికీ మధ్య అడ్డుగా నిలిచింది. దాంతో డబ్బాకు గ్రౌండ్ (సర్క్యూట్ నెగెటివ్ వైపుతో ఉండే సంబంధం) తెగిపోయి, సర్క్యూట్‌ను కాపాడవలసిన ఆ అల్యూమినియం కవచమే గదిలోని కరెంటు రొదను పట్టే ఏంటెన్నాగా మారింది. అందుకే ఈ వ్యాసంలో సర్క్యూట్ పనినీ అలంకరణనూ విడదీయకుండా, ఏది ఎప్పుడు చేయాలో ఆ వరుసలోనే చెబుతున్నాను.

మనం చేయబోయేది ఒక్క ట్రాన్సిస్టరుతో నడిచే బూస్టర్, అంటే గిటార్ సంకేతాన్ని పెంచే పెడల్. ఒక చిన్న స్విచ్ వేస్తే అదే డిస్టార్షన్ పెడల్‌గా మారుతుంది. గిటార్ నాదాన్ని కావాలని గరుకు చేయడమనే ఆలోచనకు వెనుక 1960ల తొలినాళ్ళలో అమెరికాలోని నాష్‌విల్ స్టూడియోలో జరిగిన ఒక పొరపాటు ఉంది. రికార్డింగ్ సమయంలో మిక్సింగ్ కన్సోల్‌లోని ఒక ఛానల్ చెడిపోయి, బేస్ గిటార్ సోలో చీరుకుపోయినట్టు వినిపించింది. అక్కడి ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ శబ్దాన్ని ట్రాన్సిస్టర్లతో మళ్ళీ పుట్టించే పరికరాన్ని రూపొందించగా, 1962లో అది మేస్ట్రో ఫజ్-టోన్ అనే పేరుతో గిబ్సన్ సంస్థ ద్వారా బజారులోకి వచ్చింది. మన సర్క్యూట్‌కు మూలం మాత్రం అది కాదు. 1960ల చివర న్యూయార్క్‌లో మైక్ మాథ్యూస్ స్థాపించిన ఎలక్ట్రో-హార్మోనిక్స్ వారి ఎల్‌పీబీ-1 బూస్టర్ దీనికి ఆధారం. దాని చివర రెండు డయోడ్లు చేరుస్తున్నాం, అంతే. మొదటిసారి చేసేవారికి ఇంతకన్నా మంచి సర్క్యూట్ లేదని నా అభిప్రాయం, ఎందుకంటే ఇందులో ప్రతి విడిభాగం ఏం చేస్తోందో చెవితో విని తెలుసుకోవచ్చు.

సరుకులు

ట్రాన్సిస్టర్‌గా బీసీ 547 లేదా బీసీ 549 సరిపోతుంది. రెసిస్టర్లు 1 మెగా ఓమ్, 470 కిలో ఓములు, 47 కిలో ఓములు, 10 కిలో ఓములు, 390 ఓములు ఒక్కొక్కటి, ఎల్ఈడీ కోసం 4.7 కిలో ఓములది ఒకటి కావాలి. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు తీసుకోండి, వీటిపై 104 అని ముద్రించి ఉంటుంది. 100 మైక్రోఫారడ్, 25 వోల్టుల ఎలక్ట్రోలిటిక్ ఒకటి, 1ఎన్ 4148 డయోడ్లు రెండు, 1ఎన్ 5817 షాట్కీ డయోడ్ ఒకటి, 100 కిలో ఓముల వాల్యూమ్ పాట్ (కడ్డీ తిప్పితే విలువ మారే, మూడు కాళ్ళ రెసిస్టర్), చిన్న టాగుల్ స్విచ్, ఎల్ఈడీ, దానికి హోల్డర్, తొమ్మిది కాళ్ళుండే త్రీపీడీటీ ఫుట్‌స్విచ్, 6.35 మిల్లీమీటర్ల మోనో జాక్‌లు రెండు, 2.1 మిల్లీమీటర్ల డీసీ జాక్, చిన్న వెరోబోర్డు (రంధ్రాలూ రాగి పట్టీలూ ఉండే బోర్డు) ముక్క ఉంటే జాబితా పూర్తయినట్టే. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో వీటిలో చాలావరకు ఒకే పూటలో దొరుకుతాయి. ఒక్కొక్కటి అడిగితే కౌంటర్ వెనుక ఉన్నవారు ముఖం చిట్లిస్తారు కాబట్టి రెసిస్టర్లు పదేసి చొప్పున అడగడం మర్యాద, పైగా ఎలాగూ మిగిలినవి రెండో పెడల్‌కు పనికివస్తాయి. డబ్బాగా పోత అల్యూమినియంతో చేసిన 125బీ కొలత తీసుకోండి. అది దాదాపు 122 మిల్లీమీటర్ల పొడవు, 66 వెడల్పు, 39 లోతు ఉంటుంది. అంతకన్నా చిన్నదైన 1590బీ చూడముచ్చటగా ఉన్నా, మొదటి ప్రయత్నంలో జాక్‌లూ స్విచ్చూ లోపల ఒకదానితో ఒకటి ఢీకొంటాయి.

డీసీ జాక్ కొనేటప్పుడు మాత్రం తొందరపడకండి. గిటార్ పెడళ్ళ అడాప్టర్లలో ఆనవాయితీగా పిన్ మధ్య భాగం నెగెటివ్, బయటి భాగం పాజిటివ్ అయి ఉంటుంది. మన దుకాణాల్లో సులువుగా దొరికే లోహపు ఒళ్ళున్న డీసీ జాక్ బయటి భాగం నేరుగా డబ్బాను తాకుతుంది. డబ్బా గ్రౌండ్ కాబట్టి ప్లస్ తొమ్మిది వోల్టులు అక్కడే షార్ట్ అవుతాయి. ఒకసారి అలాంటి జాక్ బిగించి అడాప్టర్ పెట్టి, గిటార్ శ్రుతి చేసుకుని తిరిగి చూసేసరికి అడాప్టర్ చేయి పెట్టలేనంతగా కాలిపోతోంది. ప్లాస్టిక్ ఒళ్ళు ఉన్న జాక్‌నే అడిగి తీసుకోండి. ఇంట్లో పడి ఉన్న రూటర్ అడాప్టర్ వాడుకుందామని కూడా అనుకోవద్దు, వాటిలో సాధారణంగా మధ్య భాగం పాజిటివ్.

సర్క్యూట్ నడక

గిటార్ సంకేతం వచ్చే చోటు నుంచి గ్రౌండ్‌కు 1 మెగా ఓమ్ రెసిస్టర్ వేయాలి. ఫుట్‌స్విచ్ నొక్కినప్పుడు టప్‌మని శబ్దం రాకుండా ఆపేది ఇదే. అక్కడి నుంచి సంకేతం మొదటి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా ట్రాన్సిస్టర్ మూడు కాళ్ళలో ఒకటైన బేస్‌ను చేరుతుంది. బేస్ నుంచి ప్లస్ 9 వోల్టులకు 470 కిలో ఓములు, గ్రౌండ్‌కు 47 కిలో ఓములు కలపండి. ఈ రెండూ వోల్టేజీని పంచి బేస్‌ను 0.8 వోల్టుల దరిదాపుల్లో నిలుపుతాయి. ఎమిటర్ నుంచి గ్రౌండ్‌కు 390 ఓములు, కలెక్టర్ నుంచి ప్లస్‌కు 10 కిలో ఓములు వేయాలి. కలెక్టర్ రెసిస్టర్‌ను ఎమిటర్ రెసిస్టర్‌తో భాగిస్తే వచ్చేదే ఈ సర్క్యూట్ బలం, అంటే సుమారు 25 రెట్లు. గిటార్ పికప్ ఇచ్చే పదో వంతు వోల్టు ఇక్కడ రెండున్నర వోల్టులవుతుంది.

కలెక్టర్ నుంచి రెండో 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా బయటికి వచ్చిన సంకేతాన్ని వాల్యూమ్ పాట్ ఒక చివరకు కలిపి, పాట్ రెండో చివరను గ్రౌండ్‌కు, మధ్య కాలును అవుట్‌పుట్‌కు తీసుకోండి. డయోడ్లు చేరేది ఈ కెపాసిటర్‌కూ పాట్‌కూ మధ్యనే. రెండు 1ఎన్ 4148లను ఒకదాని గీత పైకి, మరొకదాని గీత కిందికి ఉండేలా పక్కపక్కన కలిపి, ఒక కొసను సంకేతానికి, మరో కొసను టాగుల్ స్విచ్ గుండా గ్రౌండ్‌కు ఇవ్వాలి. స్విచ్ వేయగానే 0.6 వోల్టులు దాటిన ప్రతి శిఖరాన్నీ అవి కోసేస్తాయి. ఆ కోతే డిస్టార్షన్. డయోడ్ల స్థానంలో రెండు ఎర్ర ఎల్ఈడీలు పెట్టి చూడండి: కోత 1.7 వోల్టుల దగ్గర మొదలవుతుంది కాబట్టి శబ్దం పెద్దదై, గరుకుదనం తగ్గుతుంది. నాకు ఎల్ఈడీలే ఇష్టం, కానీ ఇంట్లో నిద్రపోయేవారున్నప్పుడు 1ఎన్ 4148లదే పైచేయి.

విద్యుత్ వైపు, డీసీ జాక్ ప్లస్ నుంచి 1ఎన్ 5817 గుండా బోర్డుకు తీగ తేవాలి. డయోడ్ మీది గీత బోర్డు వైపు ఉండాలి. ఎవరైనా ఉల్టా అడాప్టర్ పెట్టినా ట్రాన్సిస్టర్ బతుకుతుంది. ఈ డయోడ్ దాటాక ప్లస్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేస్తే అడాప్టర్ రొద చాలావరకు అక్కడే ఆగుతుంది.

రెండు చోట్ల కొత్తవారు బోల్తా పడతారు. మొదటిది ట్రాన్సిస్టర్ కాళ్ళు. బీసీ 547ను చదునైన ముఖం మీ వైపు పెట్టి చూస్తే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్ వస్తాయి. అమెరికన్ సర్క్యూట్ పటాల్లో కనిపించే 2ఎన్ 5088లో ఈ వరుస తిరగబడి ఉంటుంది. రెండోది 47, 470 కిలో ఓముల రెసిస్టర్లు. నాలుగు పట్టీల రకంలో వీటి మధ్య తేడా మూడో పట్టీ ఒక్కటే, ఒకదానిలో నారింజ, మరొకదానిలో పసుపు. ట్యూబ్‌లైట్ వెలుతురులో ఆ రెండు రంగులనూ నమ్మవద్దు. మల్టీమీటర్‌తో కొలిచి వేయండి.

వెరోబోర్డు మీద సోల్డర్ చేశాక, డబ్బా జోలికి పోకముందే బోర్డును బల్ల మీదే జాక్‌లకు తాత్కాలికంగా కలిపి వినాలి. మొదట మీటర్‌తో కలెక్టర్ దగ్గర వోల్టేజీ చూడండి. 4 నుంచి 6 వోల్టుల మధ్య ఉంటే ట్రాన్సిస్టర్ పనిలో ఉన్నట్టే. దాదాపు 9 వోల్టులు ఉంటే కాళ్ళు తారుమారై ఉంటాయి, లేదా 470 కిలో ఓముల వైపు సోల్డర్ అంటుకోలేదు. వోల్టేజీలు సరిగ్గా ఉండి శబ్దం మాత్రం రాకపోతే, ఆంప్లిఫయర్‌కు వెళ్ళే తీగ కొసకు ఒక 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ తగిలించి, దాని రెండో కాలుతో ఇన్‌పుట్, బేస్, కెపాసిటర్‌కు అటూ ఇటూ ఒక్కొక్కచోటే తాకుతూ వెళ్ళండి. శబ్దం ఎక్కడ ఆగిందో అక్కడే తప్పు ఉంది. ఈ దశలో సన్నటి రొద, కొన్ని ఇళ్ళలో ఆకాశవాణి వార్తలు కూడా వినిపించవచ్చు. కవచం లేని ఆంప్లిఫయర్ సర్క్యూట్ రేడియోను పట్టడం కొత్తేమీ కాదు, డబ్బాలోకి వెళ్ళాక అది పోతుంది.

శబ్దం మరీ బొంగురుగా ఉందనిపిస్తే మొదటి కెపాసిటర్‌ను తీసి, 223 అని రాసి ఉండే 0.022 మైక్రోఫారడ్‌ది వేయండి. సుమారు 200 హెర్ట్జ్‌ల దిగువన ఉన్న మంద్రం తగ్గి, డిస్టార్షన్ బిగువుగా వస్తుంది. ఇలాంటి మార్పులన్నీ ఇప్పుడే చేసుకోవాలి. డబ్బాలో బిగించాక బోర్డును బయటికి తీసే ఓపిక ఎవరికీ ఉండదు.

డబ్బా ముఖం మీద చుక్కలు

డబ్బాను బోర్లించి, మూత తీసి, పాట్, జాక్‌లు, ఫుట్‌స్విచ్ అన్నిటినీ లోపల ఉంచి చూసి, ఏదీ దేన్నీ తాకదని నిర్ధారించుకున్నాక గుర్తులు పెట్టండి. గుర్తులు మాత్రం బయటి ముఖం మీదే పెట్టాలి. లోపలి నుంచి చూస్తే కుడి ఎడమలు మారిపోతాయి. పెడల్ మీ ముందు నేల మీద ఉన్నప్పుడు గిటార్ తీగ కుడివైపు, ఆంప్లిఫయర్ తీగ ఎడమవైపు ఉండడం ఆచారం.

నా పద్ధతిలో ముగ్గు చుక్కలే కొలతలకు ఆధారం. ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వరకు అనే లెక్కతో, చుక్కకూ చుక్కకూ 8, వరుసకూ వరుసకూ 7 మిల్లీమీటర్ల దూరం ఉంచితే 48 మిల్లీమీటర్ల వెడల్పు, 42 మిల్లీమీటర్ల ఎత్తు గల చోటులో ముగ్గు ఇమిడిపోతుంది. నడి వరుసలోని నడి చుక్క, డబ్బా పై అంచు నుంచి 35 మిల్లీమీటర్ల దిగువన, సరిగ్గా మధ్య గీత మీద పడాలి. పాట్ కడ్డీ అక్కడి నుంచే బయటికి వస్తుంది. ఎల్ఈడీనీ టాగుల్ స్విచ్‌నూ 68 దగ్గర మధ్య గీతకు చెరోవైపు, ఫుట్‌స్విచ్‌ను 98 దగ్గర పెట్టండి. రంధ్రాలు వచ్చే చోట్ల సెంటర్ పంచ్‌తో సుత్తి దెబ్బ ఒక్కటి వేసి గుంట చేయండి. ఇప్పుడే డ్రిల్ చేయవద్దు, ఎందుకంటే తరువాతి పనిలో వాడే ద్రవం రంధ్రాల గుండా లోపలికి వెళ్తుంది.

ముఖాన్ని 220, ఆ తరువాత 400 నంబర్ గరుకు కాగితంతో ఒకే దిశలో రుద్ది, గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టండి. ఆ తరువాత వేలి జిడ్డు తగలకూడదు. గోళ్ళ రంగులో సన్నని కుంచె ముంచి, చుక్కల చుట్టూ మెలికల ముగ్గు వేయండి. గీత మిల్లీమీటరు మందం ఉంటే చాలు. గోళ్ళ రంగు పట్టి ఉన్నచోట లోహం మిగులుతుంది, లేనిచోట కరుగుతుంది. అక్షరాలు కూడా ఇప్పుడే రాయాలి. తెలుగులో రాసేవారికి ఒక సూచన: ఆరు మిల్లీమీటర్ల అక్షరంలో వత్తులు నిలవవు, ద్రవం వాటి సందుల్లోకి చేరి ముద్ద చేసేస్తుంది. అందుకే నేను ‘శబ్దం’ అని రాయడం మానేసి పాట్ దగ్గర ‘మోత’ అనీ, టాగుల్‌కు ఒకవైపు ‘నునుపు’, మరోవైపు ‘గరుకు’ అనీ రాసుకున్నాను.

కరిగించేది మైలుతుత్తం. బోర్డో మిశ్రమం కోసం రైతులు కొనే ఆ నీలి పలుకులే ఇవి. పురుగుమందుల దుకాణంలో దొరుకుతాయి. లీటరు నీటికి మైలుతుత్తం, ఉప్పు 100 గ్రాముల చొప్పున ప్లాస్టిక్ తొట్టిలో కలపండి. ఉప్పు పడగానే నీలం ఆకుపచ్చకు తిరుగుతుంది. డబ్బా పక్కలకూ, అంచులకూ టేపు గట్టిగా అంటించి, ముఖం కిందికి ఉండేలా, ద్రవం ముఖాన్ని మాత్రమే తాకేలా ఉంచాలి. కొద్దిసేపట్లోనే లోహం మీద ఇటుకరంగు బురద పుట్టుకొస్తుంది. అల్యూమినియం కరుగుతుంటే దాని చోటులో రాగి బయటపడుతోందన్నమాట. బుడగలు వస్తాయి, తొట్టి వేడెక్కుతుంది. ఆ బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది కనుక ఈ పని ఆరుబయట, నిప్పుకు దూరంగా, చేతులకు రబ్బరు తొడుగులూ కళ్ళకు అద్దాలూ పెట్టుకుని చేయాలి. పిల్లలను దగ్గరికి రానివ్వవద్దు. ప్రతి ఐదు నిమిషాలకూ డబ్బాను ఎత్తి, మెత్తని కుంచెతో బురదను తుడిచి, మళ్ళీ దించండి. గోరుతో తడిమితే గీత అంచు తగిలేంత లోతు వచ్చాక ఆపి, నీటితో బాగా కడిగి, గోళ్ళ రంగును అసిటోన్‌తో తీసేయండి. వాడిన ద్రవాన్ని సింకులోనో మొక్కల పాదులోనో పోయకండి, రాగి చేపలకు విషం. బట్టల సోడాను కొద్దికొద్దిగా వేస్తూ పోతే పొంగుతూ రాగి అడుగున పేరుకుంటుంది. ఆ ముద్దను ఆరబెట్టి, పొట్లం కట్టి ప్రమాదకర చెత్తలో వేయండి.

ఇప్పుడు డ్రిల్ చేయవచ్చు. ప్రతి రంధ్రాన్నీ మొదట 3 మిల్లీమీటర్ల బిట్‌తో తొలిచి, స్టెప్ డ్రిల్‌తో పెంచుకుంటూ పోండి. బిట్ మీద కిరోసిన్ చుక్క వేస్తే అల్యూమినియం అంటుకుపోదు. పాట్‌కు 7, టాగుల్‌కు 6, ఎల్ఈడీ హోల్డర్‌కు 8, జాక్‌లకు 10, ఫుట్‌స్విచ్‌కూ డీసీ జాక్‌కూ 12 మిల్లీమీటర్లు సాధారణంగా సరిపోతాయి. అయినా మీ చేతిలోని భాగాన్ని కొలిచాకే తొలచండి.

రంగు వేసే ముందు, నా మొదటి పెడల్ కథ గుర్తుపెట్టుకుని, జాక్ రంధ్రాల చుట్టూ లోపలివైపు రూపాయి బిళ్ళంత మేర టేపు అంటించండి. మూత మరల రంధ్రాల్లో కాగితపు ఉండలు దూర్చండి, మూత ఆనే అంచు మీద కూడా టేపు వేయండి. ముఖం మీద నల్లని మ్యాట్ స్ప్రే రెండు పలుచని పూతలు వేసి, ఒక రోజు ఆరనిచ్చాక, 400 కాగితాన్ని చదునైన చెక్క ముక్కకు చుట్టి నీటితో రుద్దండి. గుంటల్లో నలుపు నిలిచి, ఎత్తుగా మిగిలిన గీతలు వెండిలా బయటపడతాయి, తడి వాకిలి మీద ముగ్గు తేలినట్టే. చేత్తో కాగితం పట్టుకుని రుద్దితే వేళ్ళ ఒత్తిడికి గుంటల్లోని రంగు కూడా లేచిపోతుంది, చెక్క ముక్క అందుకే. ఆపై క్లియర్ స్ప్రే మూడు నాలుగు పూతలు, పూతకూ పూతకూ పదిహేను నిమిషాలు ఆగి, పాతిక సెంటీమీటర్ల దూరం నుంచి వేయండి. వాన పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. గాలిలోని తేమకు క్లియర్ పాలు చల్లినట్టు తెల్లబడుతుంది. తీరప్రాంతాల వారు మిట్టమధ్యాహ్నం పొడి గాలి చూసుకుని చేయాలి. వారం రోజులు తాకకుండా వదిలేయడమే ఈ మొత్తం పనిలో కష్టమైన భాగం. రెండో రోజే స్విచ్ బిగించి నట్టు తిప్పితే వాషర్ కింద పూత ముడతలు పడి ముగ్గు అంచు లేచిపోతుంది.

బిగింపు

టేపులు తీశాక ముందుగా జాక్‌లు బిగించి, మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి, ఒక ముల్లు జాక్ గ్రౌండ్ కాలుకూ మరొకటి డబ్బా లోపలి లోహానికీ ఆనించండి. బీప్ రాకపోతే అక్కడ పూత ఇంకా ఉందన్నమాట. కత్తితో గీకి మళ్ళీ చూడాలి. మూతను మరలతో బిగించి దానికీ ఇదే పరీక్ష చేయండి.

ఫుట్‌స్విచ్‌లో మూడు స్విచ్‌లు ఒకేసారి మారతాయి. తొమ్మిది కాళ్ళలో నడిమి వరుస మూడూ ఉమ్మడి కాళ్ళు. అయితే స్విచ్‌ను తొంభై డిగ్రీలు తిప్పి పెడితే ఏది నడిమి వరుసో అర్థం కాదు కాబట్టి బీప్‌తో చూసి గుర్తు పెట్టుకోండి. మొదటి ఉమ్మడి కాలుకు ఇన్‌పుట్ జాక్ కొన (ప్లగ్ మొనను తాకే కాలు), రెండోదానికి అవుట్‌పుట్ జాక్ కొన, మూడోదానికి ఎల్ఈడీ నెగెటివ్ కాలు కలపండి. ఒకవైపు వరుసలో వీటికి ఎదురుగా వరుసగా బోర్డు ఇన్‌పుట్, పాట్ మధ్య కాలు, గ్రౌండ్ ఇవ్వాలి. మరోవైపు వరుసలో మొదటి రెండు కాళ్ళను ఒక చిన్న తీగతో కలిపేస్తే, పెడల్ ఆపినప్పుడు గిటార్ నేరుగా ఆంప్లిఫయర్‌కు వెళ్తుంది. ఎల్ఈడీ పాజిటివ్ కాలు 4.7 కిలో ఓముల గుండా ప్లస్‌కు పోవాలి. ఈ స్విచ్ లోపల ప్లాస్టిక్ ఉంటుంది. ఒక్కో కాలు దగ్గర మూడు సెకన్లకు మించి సోల్డరింగ్ ఐరన్ ఉంచితే లోపలి భాగాలు కరిగి స్విచ్ ఇరుక్కుపోతుంది. సోల్డర్ సరిగ్గా పట్టకపోతే చల్లారేదాకా ఆగి మళ్ళీ ప్రయత్నించడం మేలు.

బోర్డు వెనుక భాగం డబ్బాను తాకకుండా మందపాటి రెండువైపుల టేపుతో పాట్ వీపు మీద అంటించండి. మూత మూసే ముందు దాని లోపలివైపు పర్మనెంట్ మార్కర్‌తో తేదీ, వాడిన ట్రాన్సిస్టర్, కెపాసిటర్ విలువలు, ‘9 వోల్టులు, మధ్య నెగెటివ్’ అన్న మాట రాసిపెట్టుకోండి. రెండేళ్ళ తరువాత ఇది మళ్ళీ తెరవవలసి వచ్చినప్పుడు, మొదటి కెపాసిటర్ 104 ఉంచారో 223కు మార్చారో వెతికేది మీరే.